ఆ ఏనుగు ఎక్కడుందో చూశావా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. నాయనమ్మ ట్రంకుపెట్టె తెరిచే చోటు బాగుంది. ఆమె దాచుకున్న 1911 వెండి రూపాయి దగ్గరికొచ్చేసరికి మాత్రం కోపమొచ్చింది. 'బొమ్మ వైపు రాజు, బొరుసు వైపు పెద్ద పంది' అని రాశావు. ఆ నాణెం నువ్వు చూడలేదు.

బొరుసు వైపు ఉన్నది పూలతీగ, మధ్యలో 'వన్ రుపీ ఇండియా 1911'. గొడవంతా బొమ్మ వైపే. ఐదో జార్జి వేసుకున్న హారంలో ఒక చిన్న ఏనుగు ఉంటుంది, చూపుడువేలి గోరుతో కప్పేయొచ్చు. తొండం పొట్టిగా చెక్కడంతో చూసినవాళ్లకి అది పందిలా కనిపించింది. ఇది మా మతానికి అవమానమని ముస్లింలు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం ఆ రూపాయలు విడుదల చెయ్యడం ఆపేసి, మింట్‌లో మిగిలినవాటిని కరిగించి, 1912లో తొండం స్పష్టంగా కనిపించే అచ్చు తెచ్చింది.

నువ్వేమో దాన్ని తెల్లదొరల కుట్ర అన్నావు. తూటాలకి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట మీద సిపాయిలు 1857లో తిరగబడ్డారు. అది జరిగి అప్పటికి 54 ఏళ్లే. గోరంత బొమ్మని చూసి అంత పెద్ద సర్కారు కంగారుపడింది, కథ అక్కడుంది.

వస్తువుని చేతిలో పట్టుకోకుండా దాని గురించి రాయకూడదు. ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. నా మొదటి కథలో 1942 రూపాయిని 'మేలిమి వెండి' అన్నాను. అది చదివిన మా వీధి కంసాలి 1918 రూపాయినీ, 1942 రూపాయినీ రాతిపలక మీద వేసి చూపించాడు. మొదటిది ఖంగుమని చాలాసేపు మోగింది. రెండోది టక్కుమని ఆగిపోయింది. '1940 నుంచి సగమే వెండి బాబూ, అంతకుముందు పన్నెండింట పదకొండు వంతులు' అన్నాడు. బరువు మాత్రం రెండిటిదీ ఒకటే, 180 గ్రెయిన్లు, అంటే తులం. 'రూపాయి ఎత్తు' అన్న మాట అందులోంచి వచ్చిందే.

ఇదంతా పెట్టి కథ తిరగరాస్తే, ఒక ఎడిటరు ఆ పేరా మొత్తం కొట్టేసి 'పాఠకుడికి బోర్' అన్నాడు. ఆయనకి చివర్లో మెరుపు ఉంటే చాలు. ఇన్నేళ్లయినా ఆ కోత నాకు మింగుడుపడలేదు. ఆ మెరుపుల మోజులో నువ్వు పడకు.

పెట్టెలో నాణెం నిజంగానే ఉంటే విబూదితో తోమకు. కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూడు. సంవత్సరం 1911 అయితే, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.