కత్తెర తర్వాత

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. వరిలో జన్యు సవరణ మీద 26 నిమిషాల డాక్యుమెంటరీ, ఇంటర్ పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ అర్థం కావాలన్నావు. భాష బాగుంది. కానీ 7వ నిమిషంలో తెర మీదికి ఓ కత్తెర వస్తుంది, డీఎన్‌ఏ దారం పుటుక్కున తెగుతుంది, వయొలిన్లు లేస్తాయి, మరుక్షణం పచ్చని పొలం. చెప్పాల్సిన కథంతా ఆ మరుక్షణంలో పడి మాయమైపోయింది. ఈ ఉత్తరం దాని గురించే.

ముందు కత్తెర సంగతి. నీ కత్తెర అసలు పేరు క్యాస్9, డీఎన్‌ఏను కోసే ప్రోటీన్. దానికి దారి చూపేది గైడ్ ఆర్‌ఎన్‌ఏ. అందులో దారి చూపే భాగం 20 అక్షరాలు. వరి జన్యురాశిలో దాదాపు 40 కోట్ల అక్షరాలున్నాయి, అన్నీ ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయనాలే. వాటిలో ఈ 20కి జోడీ కుదిరే చోటు దొరకాలి. దొరికినా చాలదు. దాని పక్కనే ఏదో ఒక అక్షరం, ఆ వెనకే రెండు ‘జీ’లు ఉంటేనే క్యాస్9 కోస్తుంది. ఆ గుర్తుకు మూడక్షరాల ఇవతల రెండు పోగులూ తెగుతాయి. అంతే, మనిషి చేసిన పని అక్కడితో సరి.

తర్వాతిదంతా కణం చేసుకునే పని. తెగిన కొసల్ని అది ఆదరాబాదరాగా కలిపేసుకుంటుంది. ఆ తొందరలో ఒకటి రెండు అక్షరాలు రాలిపోతాయి, లేదా కొత్తవి వచ్చి చేరతాయి. జన్యువును కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది కనుక ఒక్కటి పోయినా వెనక ఉన్నదంతా చెడుతుంది. దీనికి ఇంగ్లిష్ గ్రాఫిక్ తెచ్చి డబ్బింగ్ చెప్పించకు. మన మూడక్షరాల మాటలే తెర మీద గడికో అక్షరం చొప్పున పేర్చు: అరక పలక నడక పడవ. రెండో గడిలోని ‘ర’ తీసెయ్. అకప లకన డకప డవ. మాట్లాడకుండా మూడు సెకన్లు అలాగే ఉంచు, చూసేవాళ్లు చదువుకుంటారు. తర్వాత ‘ర’ మళ్లీ పెట్టి, మొదటి మూడు గళ్లూ కలిపి తీసెయ్: పలక నడక పడవ. ఒక మాట పోయింది, మిగతావి నిలిచాయి. మూడు అక్షరాలు పోవడం కంటే ఒకటి పోవడమే ఎందుకు ఎక్కువ నష్టమో ఇక వివరించాల్సిన పని ఉండదు.

ఇప్పుడు నీ 9వ నిమిషంలోని వాక్యం: “శాస్త్రవేత్తలు సాంబ మసూరిలో ఎక్కువ గింజలిచ్చే జన్యువును ప్రవేశపెట్టారు.” పేర్లు సరైనవే, క్రియ తప్పింది. ఈ రంగంలో రాసేవాళ్ల తప్పులు అంకెల్లో కంటే క్రియాపదాల్లోనే ఎక్కువ దొరుకుతాయి. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వాళ్లు అందులో ఏమీ పెట్టలేదు, ఉన్నదాన్ని దెబ్బతీశారు. సైటోకైనిన్ అనే హార్మోన్ కణాల విభజనను పెంచుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ తయారీకి సీకేఎక్స్2 అనే జన్యువు కావాలి. ఆ జన్యువు కుంటుపడితే హార్మోన్ నిలుస్తుంది, కంకిలో గింజలు పెరుగుతాయి. అలా వచ్చిందే 2025 మే 4న కేంద్రం ప్రకటించిన డీఆర్‌ఆర్ ధాన్ 100, ‘కమల’. తల్లి రకం మన బాపట్ల బీపీటీ 5204, 1986లో విడుదలైంది. అదే రోజు ప్రకటించిన రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. అది మార్టేరు ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాల మీద ఢిల్లీలో చేసిన పని. సవరించింది ఎక్కడైనా రెండింటి పుట్టిల్లూ కోస్తా జిల్లాలే. ఈ మాట నీ స్క్రిప్టులో లేకపోవడం నాకు వింతగా ఉంది.

కత్తెరకూ పొలానికీ మధ్య నువ్వు దాటేసిన సీను ఇది. క్యాస్9 తయారుచేసే జన్యువును వరి కణంలోకి చేర్చాలంటే సాధారణంగా ఆగ్రోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా చేత మోయిస్తారు. గింజలోని పిండభాగం నుంచి ముందు కాలస్ అనే కణాల ముద్ద పెంచుతారు. చూడ్డానికి లేత పసుపు రంగు రవ్వ ముద్దలా ఉంటుంది. బ్యాక్టీరియాతో కలిపి ఉంచాక కడిగి, మందు కలిపిన జెల్లీ మీద పెడితే కొత్త డీఎన్‌ఏ చేరిన ముద్దలే బతుకుతాయి, తక్కినవి నల్లబడి చస్తాయి. ఆ నల్లబడ్డవాటిని తప్పకుండా చూపించు. బతికిన ముద్దల నుంచి మొలకలు వస్తాయి, సవరణ కూడా జరిగి ఉంటుంది. అయితే ఆ మొక్కలో క్యాస్9 ఇంకా ఉంది. అంటే బయటి జన్యువు ఉంది.

దాన్ని వదిలించేది ఏ యంత్రమూ కాదు, మెండెల్ లెక్క. ఆ మొక్కను దాని పుప్పొడితోనే గింజ కట్టనిచ్చి, ఆ గింజలు నాటితే, బయటి డీఎన్‌ఏ ఒకే చోట అతికి ఉన్న పక్షంలో నాలుగింట ఒక మొక్కకు అది రాదు. ప్రతి మొక్క ఆకు ముక్కా కోసి, పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష చేసి, క్యాస్9 లేకుండా సవరణ మాత్రం మిగిలినదాన్ని ఏరుకుంటారు. నీ స్క్రిప్టులో మెండెల్ 2వ నిమిషంలో గడ్డంలేని సన్యాసిగా వచ్చి దణ్ణం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆయన్ను 13వ నిమిషానికి లాక్కురా. 5,474 గుండ్రటి బఠాణీలు, 1,850 ముడతలవి. 1866లో అచ్చయిన ఆ నిష్పత్తి మీదే ఈనాటి ల్యాబ్‌లో మొక్క ఏరుతున్నారని తెలిస్తే, పరీక్ష కోసం 3:1 బట్టీ పట్టిన పిల్లలు కుర్చీలో ముందుకు జరుగుతారు.

చట్టం కూడా ఈ సీను మీదే ఆధారపడింది. బయటి డీఎన్‌ఏ మిగలని సవరణలకు 1989 నాటి నిబంధనల్లో కొన్నింటి నుంచి 2022 మార్చిలో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ‘జన్యుమార్పిడి’, ‘జన్యు సవరణ’ అనే మాటల్ని నువ్వు చేసినట్టు వినసొంపు కోసం మార్చి మార్చి వాడకూడదు. బయటి జన్యువు చేర్చిన బీటీ పత్తి మొదటి కోవ, కమల రెండోది. ఈ మినహాయింపే తప్పనే వాళ్లున్నారు. పరీక్షల సమాచారం బయటపెట్టమని, పేటెంట్ల మాటేమిటని అడుగుతున్నారు. వాళ్లకు ‘అపోహలు’ అనే శీర్షిక తగిలించావు, తీసెయ్. వాళ్ల ప్రశ్నను వాళ్ల మాటల్లోనే 40 సెకన్లు వినిపించు. అలాగే కమల 20 రోజుల ముందు కోతకొస్తుందన్నది ప్రకటనలోని మాట. ‘వస్తుంది’ అని వ్యాఖ్యాత గొంతుతో తేల్చెయ్యకు, ‘వస్తుందని ప్రకటించారు’ అను. తెలుగులో ఒక్క ‘అని’తో తీరే పని.

పత్తి గురించి నువ్వు రాసింది రెండే వాక్యాలు: వచ్చింది, విఫలమైంది. ఎందుకు విఫలమైందో చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. 2002 మార్చిలో అనుమతి వచ్చింది. బ్యాక్టీరియా జన్యువు వల్ల మొక్క తయారుచేసే క్రై ప్రోటీన్, పురుగు పేగులోని క్షార గుణంలో కరిగి పేగు గోడకు చిల్లులు పెడుతుంది. 450 గ్రాముల బీటీ విత్తనం ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం సంచీ ఇచ్చేవారు, చేను చుట్టూ వెయ్యమని. అది ఎందుకో రైతుకు అర్థమయ్యేలా చెప్పిన వాళ్లు తక్కువ. ఆ మామూలు పత్తి మీద పెరిగిన పురుగులకు తట్టుకునే శక్తి ఉండదు. బీటీని తట్టుకున్న ఏ ఒకటీ అరా పురుగో వీటితో జతకడితే పిల్లలు మళ్లీ బీటీకి లొంగుతాయి. సొంత చేలో పురుగుల్ని ఎవరు పెంచుకుంటారు? చాలా చోట్ల ఆ చిన్న సంచీ గట్టు మీదే ఉండిపోయింది. తట్టుకున్నవి తట్టుకున్నవాటితోనే జతకట్టాయి. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బీటీని తట్టుకుంటోందని 2010లో బయటపడింది, రెండు ప్రోటీన్ల బీజీ-2 కూడా తర్వాత దానికి లోకువైంది. ఈ భాగానికి మూడు నిమిషాలివ్వు. 120 గ్రాముల సంచీ ఒక్కటి చేతిలో పట్టుకుని తీస్తే చాలు, డ్రోన్ అక్కర్లేదు.

డాలీ గొర్రెను తీసెయ్యమనను గానీ, అక్కడా నువ్వు కణాల్ని కలిపే కరెంటు షాక్ దగ్గరే ఆగావు. 277 అండాల్లో కణాలు కలిపితే 29 పిండాలు పనికొచ్చాయి, బతికి పుట్టింది ఒక్కటి, 1996 జులై 5న. ఈ మూడు అంకెలూ వరసగా తెర మీద పడితే క్లోనింగ్ ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. “త్వరగా ముసలిదై చనిపోయింది” అన్నావు. 2003 ఫిబ్రవరిలో దాన్ని పోగొట్టింది ఊపిరితిత్తుల కణితి, గొర్రెలకు వైరస్ వల్ల వచ్చే జబ్బే.

సికిల్ సెల్ అనే రక్త జబ్బు చికిత్స గురించి “తప్పు అక్షరాన్ని సరిదిద్దారు” అని రాశావు. మళ్లీ క్రియే. హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ జన్యువులో జీఏజీ ఉండాల్సిన చోట జీటీజీ పడటం జబ్బుకు కారణం. 2023 నవంబరులో బ్రిటన్ అనుమతించిన చికిత్స ఆ అక్షరాన్ని ముట్టుకోదు. పుట్టాక ఆగిపోయే పిండదశ హిమోగ్లోబిన్‌ను ఆపే స్విచ్ ఒకటుంది, దాన్ని పాడుచేస్తుంది. దాంతో ఆ పిండదశ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. కోత తర్వాత ఏముందో ఇక్కడా చెప్పు: రోగి మూలకణాలు బయటికి తీసి, సవరించి, తిరిగి ఎక్కించే ముందు ఎముక మూలుగను గట్టి కీమోథెరపీతో ఖాళీ చేస్తారు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో ఈ జబ్బున్న ఇళ్లలోనూ నీ సినిమా చూస్తారు. మందు వచ్చేసిందన్న ఆశ పెట్టి వదిలెయ్యకు.

బొమ్మల గురించి కొంచెం. డీఎన్‌ఏ మెలిక కుడిచేతి వాటం. నిలువుగా పెట్టి చూస్తే ముందు కనిపించే పోగులు ఎడమ కింది నుంచి కుడి పైకి ఎక్కాలి, మామూలు స్క్రూ మరలాగే. కొన్న యానిమేషన్ సరిగ్గా ఉన్నా, ఫ్రేము అందం కోసం ఎడిటర్ దాన్ని అద్దంలోలా తిప్పేస్తే ఎడమచేతి మెలిక అయిపోతుంది. నీ పోస్టరులో జరిగింది అదే. క్రోమోజోములు ఎక్స్ ఆకారంలో ఉండేది కణం విడిపోబోయే కాసేపే, మిగతా కాలమంతా చిక్కుపడ్డ నూలే. ల్యాబ్‌లో రంగు నీళ్ల పరీక్షనాళికలు పెట్టించకు. అసలు పీసీఆర్ గొట్టంలో ఉండేది 20, 25 మైక్రోలీటర్ల రంగులేని చుక్క. మాక్రో లెన్సు లేకపోతే అది దొరకదు, ముందే అద్దెకు చెప్పు. డీఎన్‌ఏ ముక్కల్ని సైజుల వారీగా విడదీసే జెల్‌లో పరుగెత్తే నీలం రంగును “ఇదే డీఎన్‌ఏ” అనకు. అది దారి తెలియడానికి కలిపిన రంగు, డీఎన్‌ఏ కనపడేది తర్వాత, మరో రంగు పట్టించి అతినీలలోహిత కాంతి కింద.

పిల్లలు చేసి చూసే ప్రయోగం ఒకటి పెట్టావు, ఫలితం రాదు. కొలతలు మార్చు: నానబెట్టిన పచ్చి బఠాణీ అర కప్పు, చన్నీళ్లు ఒక కప్పు, చిటికెడు ఉప్పు. మిక్సీలో 15 సెకన్లు మాత్రమే. ఎక్కువ తిప్పితే దారాలు తునకలై పైకి లేవడానికేమీ మిగలదు. వడకట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు పెద్ద చెంచాలు కలిపి పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. నురగ రేగితే ఏమీ కనిపించదు. చిన్న గాజు గ్లాసులో మూడో వంతు పోసి, ఫ్రీజర్‌లో పెట్టిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గ్లాసు వంచి గోడ వెంబడి, అంతే పరిమాణంలో, మెల్లగా జార్చాలి. నువ్వు రాసినట్టు పైనుంచి పోస్తే రెండూ కలిసిపోతాయి. పొరలు విడిగా నిలిస్తే మధ్యలో తెల్లటి పోగులు లేస్తాయి. అందులో ప్రోటీన్లూ ఉంటాయని ఒక్క ముక్క చెప్పు. పక్కన పొయ్యి వెలగకూడదని అక్షరాలతో కూడా వెయ్యి.

వ్యాఖ్యానం బిగువు తగ్గించు. తెలుగు మాటలు పొడుగు. నిమిషానికి నూరు దాటితే చదివేవాడికి ఊపిరాడదు, వినేవాడికి బుర్ర ఆడదు. నీది కొన్నిచోట్ల 130. బిలియన్లు వద్దు, కోట్లలో చెప్పు. ఉత్పరివర్తనం అన్నావా, చివరిదాకా అదే అను. మ్యుటేషన్ అన్నావా, అదే. రెండూ వాడితే రెండు వేరే సంగతులనుకుంటారు. చివర్లో “ప్రకృతితో ఆడుకుంటున్నామా?” అనే ప్రశ్న కొట్టేశాను.

తిరగరాసేటప్పుడు ఎడమ వరుసలో దృశ్యం, కుడి వరుసలో మాట పెట్టు. పక్కనే సన్నగా మూడో వరుస గీసి, ప్రతి వాక్యంలోని క్రియ ఒక్కటే అందులో రాయి: కోశారు, కలుపుకుంది, ఏరారు, ప్రకటించారు. ఆ వరుస చూపించి, ‘ఈ పని నిజంగా ఎవరు చేశారు’ అని ల్యాబ్‌లో పనిచేసే వాళ్లను ఒకరిని అడుగు. తర్వాతే నాకు పంపు. 7 నుంచి 16వ నిమిషం దాకా పంపినా చాలు.

ఉంటాను.