అచ్చుబొమ్మల్లో దేవతలు, ఆనాటి స్త్రీలు

ప్రశ్న: మాది అనంతపురం. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది పార్వతీ కల్యాణ చిత్రంలో అమ్మవారు నిండైన చీరతో, నగలతో కనిపిస్తారు. అదే 16వ శతాబ్దంలో యూరప్‌లో అచ్చయిన ప్రాచీన రోమన్ దేవతలు వీనస్, జూనో, మినర్వాల బొమ్మల్లో ఒంటి మీద బట్ట లేదు. స్త్రీ అంటే గౌరవం లేకనే అలా చేశారా? ఆ పనిలో ఆడవాళ్లెవరైనా ఉండేవారా?

– ఒక పాఠకురాలు

జవాబు: బట్ట ఒక్కదాన్నే కొలతగా తీసుకుంటే న్యాయం జరగదు. మన గుడి స్తంభాల మీది నాట్యకత్తెలకూ ఒంటినిండా బట్ట ఉండదు. అసలు తేడా వేరేచోట ఉంది. లేపాక్షి పార్వతికి భక్తులు చేతులెత్తి మొక్కుతారు. క్రైస్తవ యూరప్‌లో సౌందర్యదేవత వీనస్‌కు మొక్కేవారు ఎవరూ లేరు. ఆమె చదువుకున్నవారు ముచ్చటించుకునే పాతకథలోని పాత్ర మాత్రమే. పైగా రాగిరేకు మీద ఉక్కు ఉలితో గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, తడి కాగితం మీద అదిమితే ఒకే రేకు నుంచి వందల ప్రతులు వచ్చేవి కాబట్టి, ఆ బొమ్మను కొనుక్కుని, చేతిలో పట్టుకుని, తీరిగ్గా చూసుకునే వీలుండేది.

ఇటలీ చిత్రకారుడు రఫేల్ గీసిన రూపాన్ని ఆధారం చేసుకుని, అచ్చుబొమ్మలు చెక్కే మార్కాంటోనియో రైమొండి 1510–20 మధ్య చెక్కిన ‘పారిస్ తీర్పు’ను దగ్గరగా చూడండి. పాత గ్రీకు కథలో పారిస్ అనే రాకుమారుడు ఈ ముగ్గురు దేవతల్లో ఎవరు అందగత్తో తేల్చి, గెలిచినవారికి పండు ఇవ్వాలి. యుద్ధానికీ జ్ఞానానికీ అధిదేవత అయిన మినర్వా శిరస్త్రాణాన్నీ డాలునూ నేల మీద పెట్టేసి, మనవైపు వీపు తిప్పి, వస్త్రం విప్పుతూ ఉంటుంది. కూర్చున్న పారిస్ పండును వీనస్‌కు అందిస్తుంటాడు. అందం ముందు బుద్ధి, శౌర్యం, రాజ్యం, బంగారం వెలవెలబోతాయని ఆ బొమ్మ మీదే లాటిన్‌లో చెక్కి ఉంది. నన్ను కలచివేసేది ఆ నగ్నత్వం కాదు, ఈ వాక్యమే. ఎందుకంటే జ్ఞానదేవత సైతం ఒక మగవాడి కంటికి నచ్చడం కోసం పోటీలో నిలబడవలసి వచ్చింది.

అయితే ఆ కాలమంతా ఒకే దృష్టితో చూసిందనలేము. జర్మనీకి చెందిన చిత్రకారుడు డ్యూరర్ 1501–02 ప్రాంతంలో చెక్కిన నెమెసిస్ (చేసినదానికి తగ్గ ఫలమిచ్చే గ్రీకు దేవత) కూడా నగ్నంగానే ఉంటుంది, కానీ ఆమె ఎవరి తీర్పు కోసమూ నిలబడలేదు. రెక్కలతో, బరువైన దేహంతో ఒక గోళం మీద నిలిచి, ఒక చేత బహుమతిగా ఇచ్చే పాత్రనూ మరో చేత కళ్లేన్నీ పట్టుకుని ఉంటుంది. ఆల్ప్స్ కొండల నడుమ ఒక ఊరు ఆమె కాళ్ల కింద చిన్నదైపోయి కనిపిస్తుంది. అదే డ్యూరర్ 1497లో నలుగురు నగ్నస్త్రీలను వలయంగా నిలబెట్టి, కాళ్ల దగ్గర పుర్రెను, తలుపు వెనక మంటల్లో దయ్యాన్ని చెక్కాడు. స్త్రీ దేహం ఆనాటి మగవారికి ఒకచోట మహిమగానూ మరొకచోట భయంగానూ తోచిందని ఈ రెండూ కలిపి చూస్తే తెలుస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. మాంటువా నగరానికి చెందిన డయానా స్కుల్టోరి తండ్రి దగ్గరే చెక్కడం నేర్చుకుంది. ఆమె పనితనాన్ని కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి 1568లోనే మెచ్చుకుంటూ రాశాడు. 1575లో, భర్తతో కలిసి రోమ్‌లో స్థిరపడిన కాలంలో, తన బొమ్మలను తానే అచ్చువేసి అమ్ముకునే హక్కును పోప్ నుంచి సంపాదించింది. ఆ ఏడాదే చిత్రకారుడు జూలియో రొమానో చిత్రాల ఆధారంగా ప్రేమదేవుడు క్యూపిడ్, అతని ప్రియురాలు సైకీల విందును చెక్కింది. అందులోనూ దేవతలు నగ్నంగానే ఉన్నారు. రూపకల్పన పురుషుడిదే అయినా, ఉలీ సంతకమూ అమ్మకపు హక్కూ ఆమెవి.