స్ప్రే కొట్టినా చిన్న ఈగలు మళ్లీ ఎందుకు వస్తున్నాయి?

శ్రీకాకుళంలో అద్దె ఇంట్లో ఉంటున్నామని, వంటగదిలోనూ బాత్రూంలోనూ చిన్న ఈగలు ముసురుతున్నాయని, స్ప్రే కొట్టిన పూట తగ్గి మర్నాటికి మళ్లీ తయారవుతున్నాయని అడిగారు. మేముండేది విజయనగరం, నా పుట్టిల్లు ఉద్దానం. వేసవిలో ఊరి నుంచి పనసపళ్లు వస్తాయి, వానలు పడితే గోడలు చెమ్మెక్కుతాయి. కాబట్టి ఈ ఈగల గోల నాకు కొత్త కాదు.

ముందు ఆ స్ప్రే పక్కన పెట్టేయండి. అది ఎగిరేవాటినే చంపుతుంది. గుడ్లు, పురుగులు కుళ్లులోనో జిగురులోనో తడి మట్టిలోనో ఉంటాయి, వాటి దాకా మందు వెళ్లదు. పైగా పొయ్యి గట్టు మీదా, తినే గిన్నెల మీదా పడుతుంది. దాని బదులు ఒక పూట ఓపిగ్గా అవి ఎక్కడ వాలుతున్నాయో చూడండి. మీరు వంటగది, బాత్రూం రెండూ చెప్పారు కాబట్టి మీ ఇంట్లో రెండు రకాలున్నాయని నా అనుమానం.

పళ్ల మీద, చెత్తబుట్ట మీద తిరిగేవి గోధుమరంగులో ఉంటాయి, దగ్గరగా చూస్తే కళ్లు ఎర్రగా కనిపిస్తాయి. ఇవి పండు ఈగలు. బాత్రూం గోడకి కదలకుండా అతుక్కుని, బూడిదరంగులో, రెక్కల నిండా నూగుతో ఉండేవి డ్రైనేజీ ఈగలు. వేలితో నొక్కితే గోడ మీద బూడిద మరక పడుతుంది. పూలకుండీల దగ్గర నల్లగా, సన్నగా, దోమలా పొడుగు కాళ్లతో నేల మీద పాకినట్టు తిరిగేవి మూడో రకం. వరండాలో కూర్చుంటే కళ్ల ముందు ఆడే నుసుములు మాత్రం ఇంట్లో పుట్టినవి కావు, బయటి నుంచి వస్తాయి. అవి వేలాడే తాళ్లు, వైర్ల మీద గుంపుగా వాలతాయి. కళ్లకలక అంటించేవి కూడా అవే కాబట్టి వాటి దగ్గర పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండి.

పండు ఈగకి కావలసింది పండు కాదు, పులుపు. పులిసేచోట పుట్టే ఈస్టే దాని తిండి. మన ఇళ్లలో పులిసేవాటికి కొదవా? మా అత్తగారికి తరవాణి కుండ, అదే గంజి పులియబెట్టే కుండ, లేకపోతే వేసవి గడవదు. కుండ మీద పళ్లెం బోర్లిస్తే సరిపోదు, అంచు దగ్గర ఉన్న సందు వాటికి చాలు. పల్చటి పాత పంచె గుడ్డ రెండు మడతలు వేసి మూతికి గట్టిగా కట్టి, పైన పళ్లెం పెట్టాక గానీ లోపలికి దూరడం ఆగలేదు. కుండ అంచుకి కారి ఎండిన చారలు కూడా రోజూ తుడవాలి. పనస సంగతి ఇంకా ఘోరం. తొక్క, పీచు ఏ పూటకి ఆ పూట బయట పారేస్తాం సరే, పిక్కలు కూరకి పనికొస్తాయని బుట్టలో వేసి గట్టు కింద తోసేస్తాం. పిక్క చుట్టూ జారుడుగా ఉండే పొరని గమనించారా? అదే వాటికి విందు. పిక్కల్ని ఆ రోజే కడిగి ఎండబెడితే సగం ఈగలు మాయం. తర్వాత ఉల్లిపాయల బుట్ట గుమ్మరించి చూడండి, అడుగున ఒక్క బంగాళాదుంప నీరుకారినా చాలు. చివరగా, తడిసి మూల పడున్న నేల తుడిచే మాపు కూడా చూడండి.

ఆడ ఈగ వందల గుడ్లు పెడుతుంది. 25 డిగ్రీల దగ్గర గుడ్డు ఈగ అవడానికి దాదాపు 10 రోజులే. అంత వేగంగా పెరుగుతాయనే శాస్త్రవేత్తలు వాటిని పట్టుకున్నారు. థామస్ హంట్ మోర్గాన్ అనే అమెరికా శాస్త్రవేత్త పాలసీసాల్లో అరటిపండు వేసి వీటినే పెంచి, వంశపారంపర్యం మీద చేసిన పనికి 1933లో నోబెల్ తెచ్చుకున్నాడు. మనం పైసా ఆశించకుండా అదే పని చేస్తున్నాం.

ఉన్నవాటిని పట్టడానికి వెనిగరే కొనక్కర్లేదు. గాజు గ్లాసులో కొంచెం తరవాణి, చిటికెడు బెల్లం, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి రాత్రి గట్టు మీద పెట్టండి. లిక్విడ్ మానొద్దు, అది లేకపోతే నీళ్ల మీద దర్జాగా వాలి తాగి ఎగిరిపోతాయి. రెండు రోజులకోసారి పారబోయండి, లేదంటే ఆ గ్లాసులోనే పిల్లలు పెడతాయి.

బాత్రూంకి ఈ గ్లాసు పనికిరాదు. రాత్రి పడుకునేముందు నీళ్లు పోయే జాలీ మీద సెల్లోటేపు, జిగురు కిందివైపు ఉండేలా, కాస్త గాలి ఆడేలా అంటించండి. తెల్లారి టేపుకి ఈగలు అతుక్కుని ఉంటే పుట్టిల్లు అక్కడే. జాలీ తీసి, గొట్టం లోపలి గోడకి పట్టిన నల్లటి జిగురుని పొడుగు బ్రష్‌తో గీకి తీయాలి. పురుగులు ఉండేది ఆ జిగురులోనే. వంటసోడా, వెనిగరు పోస్తే నురగ బాగా వస్తుంది, జిగురు మాత్రం కదలదు. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ గొట్టాలు మెత్తబడతాయి. ఇంకో ముఖ్యమైన మాట, బ్లీచింగ్ పౌడరు, బాత్రూం యాసిడ్ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. వాడని బాత్రూం ఉంటే అందులో అప్పుడప్పుడు ఒక బకెట్ నీళ్లు పోస్తూ ఉండండి.

కుండీల సంగతి చిన్నదే. పైమట్టి ఆరేదాకా నీళ్లు పోయకపోతే అవి బతకవు. తులసి దగ్గరే చిక్కు, స్నానం చేసిన ప్రతివాళ్లూ తలో చెంబు పోస్తారు. మా ఇంట్లో ఒకరు చెంబు, మిగతావాళ్లు ఉద్ధరిణె అని ఒప్పందం. వాడిన టీపొడి కూడా కుండీలో వేయకండి, దాని మీద పట్టే బూజు పురుగులకి తిండి.

ఇవన్నీ చేశాక కూడా వారం పది రోజులు కొన్ని కనిపిస్తూనే ఉంటాయి, అప్పటికే ప్యూపా దశలో, అంటే పురుగు ఈగగా మారే దశలో, ఉన్నవి బయటికి రావాలి కదా. టెన్షన్ పడకండి. ఆ తర్వాత కూడా బాత్రూంలో తగ్గకపోతే గొట్టం చుట్టూ చూడాలి. మా ఇంట్లో ప్లంబర్ వచ్చి జాలీ పక్క టైలు లేపితే సిమెంటు ఊడిపోయి కింద మట్టంతా నాని ఉంది, పురుగులు అందులో ఉన్నాయి. మళ్లీ సిమెంటు వేయించాకే ఆగాయి. అలాంటిదైతే మీ ఓనర్‌కి చెప్పి చేయించండి, అద్దెకున్నవాళ్లు పెట్టుకునే ఖర్చు కాదది.