గీత కదలక ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన తొంభై సెకన్ల వీడియోను మూడుసార్లు చూశాను. హవాయిలో సుమారు 3,400 మీటర్ల ఎత్తున, ఊళ్ల పొగ సోకని మౌనా లోవా అగ్నిపర్వతపు వాలు మీద అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చిలో మొదలుపెట్టిన, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లెక్కను ఎంచుకున్నందుకు సంతోషం. అయితే ఆ లెక్కను చూపే నీ గీత తెర మీదికి వస్తూనే పరుగు అందుకుంది. నిలువు అక్షం మీద ఏముందో నేను చదివేలోగా 1990 దాటిపోయింది.

మొదటి ఆరేడు సెకన్లు దాన్ని కదలనివ్వకు. ఖాళీ అక్షాలు చూపి, 313 దగ్గర ఒక్క చుక్క పెట్టి, గాలిలోని పది లక్షల అణువుల్లో ఆనాడు ఈ వాయువుది ఇంతే వాటా అని చెప్పు. తరువాత ఒక్క ఏడాదిని తాపీగా గీయి. మే దాకా గీత ఎక్కుతుంది. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగిర్చి, పైర్లు ఎదిగి ఆ వాయువును పీల్చుకోవడంతో సెప్టెంబరు నాటికి సుమారు ఆరు మేర కిందికి దిగుతుంది. ఆకులు రాలి కుళ్లేకొద్దీ మళ్లీ ఎక్కుతుంది. ఈ ఒక్క అలను పోల్చుకున్న ప్రేక్షకుడు ఆ తరువాత ఎంత వేగాన్నైనా తట్టుకుంటాడు. నీవేమో ఆ రంపపు పళ్లను చిందరవందర అనుకొని సగటు తీసి నునుపు చేశావు. కథలో సగం అక్కడే పోయింది.

అక్షం సున్నా నుంచి మొదలుకాలేదని బెంగపడకు. కమ్మీ చిత్రానికి (బార్ చార్టుకు) సున్నా కావాలి గాని గీతకు అక్కర్లేదు. 310 నుంచి మొదలుపెట్టి, ఆ సంగతి పైకి చెప్పు. చివర్లో చట్రాన్ని వెడల్పు చేసి, అక్షాన్ని 310 కన్నా కిందికి పొడిగించి, అంటార్కిటికా మంచులో చిక్కిన గాలి బుడగలు చెప్పే ఎనిమిది లక్షల ఏళ్ల చరిత్రను చేర్చు. పారిశ్రామిక యుగానికి ముందు దాదాపు 300కు మించని ఆ గీత పక్కన, 2013 మేలో రోజు సగటు 400 దాటిన చోటు కనిపించినప్పుడు నాలుగు సెకన్లు వ్యాఖ్యానం ఆపు. ‘ఆందోళనకరం’ అన్న మాటా, గంభీరమైన సంగీతమూ రెండూ తీసెయ్యి.

దశాబ్దానికొక రంగు వేయడం కూడా మాను. నేనొకప్పుడు ఉష్ణోగ్రతల పటానికి ఇంద్రధనుస్సు పులిమితే, పసుపూ ఆకుపచ్చా కలిసేచోట లేని సరిహద్దు పుట్టి, అక్కడ ఏం జరిగిందని అందరూ అడిగారు. రెండో రంగు నిజంగా అవసరమైనది ఒక్కచోటే: 2022 నవంబరులో అగ్నిపర్వతం లావా కక్కి దారినీ కరెంటునూ తెంపినప్పుడు, కొలతలు కొంతకాలం పొరుగు పర్వతం మౌనా కియా నుంచి సాగాయి. ఆ ముక్కను వేరుగా చూపు.

సవరించి మళ్లీ పంపు. ఈసారి శబ్దం ఆపి, ఫోనులో చూస్తాను.