అది మాధవీలతే, రాధామనోహరం కాదు

సింహాచలం కొండవాలున చెట్లపైకి పాకి, ఏడాది పొడవునా పచ్చగా కనిపించే తీగ రాధామనోహరమా అని మీరు అడిగారు. తెల్లని పూలలో ఒక రేకు మాత్రమే పసుపుగా ఉందని, రేకుల అంచులు కుచ్చులుగా చీలి ఉన్నాయని మీరు రాసిన దానిని బట్టి అది మాధవీలత, అంటే శాస్త్రీయంగా హిప్టేజ్ బెంగాలెన్సిస్. రాధామనోహరం పువ్వుకు వేలెడు పొడవున సన్నని గొట్టం ఉంటుంది. అది సాయంత్రం తెల్లగా విచ్చుకొని, తరువాత గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. మాధవికి ఆ గొట్టం ఉండదు. పైగా దాని 10 కేసరాలలో ఒకటి మిగిలినవాటికన్నా బాగా పొడవుగా, వంపు తిరిగి ఉంటుంది కనుక, పువ్వును అరచేతిలో పెట్టుకొని చూస్తే భూతద్దం లేకుండానే తెలుస్తుంది. ఆకులను నమ్ముకోవద్దు, రెండింటికీ అవి ఎదురెదురుగానే వస్తాయి. నర్సరీలలో ఒకదాని పేరుతో మరొకటి అమ్ముతుంటారు కాబట్టి అక్కడి చీటీని అసలే నమ్మవద్దు.

ఇంకా అనుమానం ఉంటే పూలు రాలిన తరువాత కాయలను చూడండి: మాధవి కాయకు మూడు రెక్కలుంటాయి, నడిమిది పొడవు, రాధామనోహరం కాయకు రెక్కలకు బదులు నిలువునా ఐదు కోణాలుంటాయి. ఇంట్లో పెంచదలిస్తే కొమ్మలు విరవకుండా రాలిన ఎండుకాయలు ఏరుకోండి. ముదిరితే మానులా బలిసే తీగ కనుక పందిరి గట్టిగా ఉండాలి.