చైనా విద్యార్థులు ‘ప్రాపగాండా’ అని రాయకుండా ఉండాలంటే

మీ దగ్గర ఇంగ్లిష్ నేర్చుకునే చైనా విద్యార్థులు కంపెనీ ప్రచారాన్ని ‘ప్రాపగాండా’ అంటున్నారని, ‘యాన్ అడ్వర్టైజింగ్’ అని రాస్తున్నారని, ఎన్నిసార్లు దిద్దినా మారడం లేదని అడిగారు కదండీ.

మొదటిది నిఘంటువు తెచ్చిన తంటా. చైనీస్‌లో ‘షువాన్‌చువాన్’ మన ‘ప్రచారం’ లాంటి మాటే. దాంట్లో చెడు వాసన లేదు. కానీ నిఘంటువులో దాని ఎదురుగా ప్రాపగాండా కూడా కనిపిస్తుంది. దిద్దడం మానేసి, డబ్బు ఎవరిచ్చారని అడగండి. కంపెనీ స్థలమో సమయమో కొంటే అడ్వర్టైజింగ్. పత్రికలు తమంతట తాము రాస్తే పబ్లిసిటీ. తగ్గింపు ధరలు, ఉచిత శాంపిళ్లు అయితే ప్రమోషన్. ప్రాపగాండాను రాజకీయాలకు వదిలేయమనండి.

రెండోదానికి కారణం, ప్రకటనకు చైనీస్ మాట ‘గ్వాంగ్‌గావ్’కు ఏకవచనం, బహువచనం అని వేరే రూపాలు లేకపోవడం. అడ్వర్టైజింగ్ ఆ రంగం పేరు, దాని ముందు ‘యాన్’, చివర ‘ఎస్’ రావు. లెక్కపెట్టేది యాడ్. దాన్ని ‘రన్ యాన్ యాడ్’, ‘ప్లేస్ యాన్ యాడ్’ అని క్రియతో కలిపే నేర్పండి. లేకపోతే ‘మేక్ అడ్వర్టైజింగ్’ అంటూ తిరిగొస్తారు. ‘కమర్షియల్’ అనే మాట టీవీ, రేడియో ప్రకటనలకే. మన హోర్డింగ్ బ్రిటన్‌లో చెల్లుతుంది, అమెరికన్ పుస్తకాలు చదివినవాళ్లకు మాత్రం బిల్‌బోర్డ్ అనండి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ: మాండరిన్‌లో, అంటే ప్రామాణిక చైనీస్‌లో, ఇంగ్లిష్ ‘వి’ (V) ధ్వని లేదు. మన ‘వ’ కూడా ‘వి’కీ ‘డబ్ల్యూ’కీ మధ్య ఊగుతుంది, కాబట్టి మీ ఉచ్చారణ విని వాళ్లకు తేడా పట్టుబడకపోవచ్చు. పై పళ్లు కింది పెదవికి ఆనించి ‘వి’ని సాగదీసి చూపించి, ఆ తర్వాతే ‘అడ్వర్టైజ్’ అనిపించండి.