టెక్ సందేహాలు: ఎండలో లేజర్ గీత కనపడదు, మరి ఏ లెవెల్ కొనాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇళ్లు, కాంపౌండ్ గోడలు, వీధి కాలువలు కాంట్రాక్టుకు చేస్తాను. అవతల పాతపట్నం వైపు కూడా పనులుంటాయి. ఇన్నాళ్లూ నీళ్ల పైపుతోనే మట్టం చూశాం. ఇప్పుడు మా కుర్రాళ్లు ఆన్‌లైన్‌లో 16 గీతల గ్రీన్ లేజర్ చూపించి కొనమంటున్నారు. ధర ఆరు వేల లోపే. ఆరుబయట పనికి అది సరిపోతుందా? ఆటో లెవెల్ అయితే నేర్చుకోవడం కష్టమా?

జవాబు: ఆరుబయట పనికైతే ఆ లేజర్ వద్దు. అది గదిలో టైల్స్‌కి, ఫాల్స్ సీలింగ్‌కి, స్విచ్ బోర్డుల వరసకి బాగుంటుంది. మీరు చూసిన వీడియో కూడా గదిలోనో, సాయంత్రం పూటో తీసినదే అయి ఉంటుంది. వెలుగును లక్స్ అనే ప్రమాణంలో కొలుస్తారు, మిట్టమధ్యాహ్నం ఎండ వెలుగు దాదాపు లక్ష లక్స్. రాత్రి లైటు వేసిన గదిలో రెండు మూడు వందలు ఉంటే ఎక్కువ. ఇలాంటి లేజర్లలో కంటికి ప్రమాదం లేకుండా వెలుగును చాలా తక్కువగా ఉంచుతారు. ఆ కాస్త వెలుగునే గీతగా సాగదీస్తారు. ఇక ఎండలో ఏం కనపడుతుంది? నాలుగైదు మీటర్లు దాటితే గోడ మీద గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఒకే శక్తి ఉన్న ఎరుపు కంటే ఆకుపచ్చ మన కంటికి సుమారు నాలుగు రెట్లు ప్రకాశంగా కనపడే మాట నిజమే. కానీ ఎండకూ గదికీ తేడా వందల రెట్లు. నాలుగు రెట్లు అక్కడ ఏ మూలకూ చాలదు. 16 గీతలన్నది కూడా మీకు అక్కరలేని లెక్క. పునాదికి కావాల్సింది ఒక్క అడ్డగీత.

బయట పనికి నేను చెప్పే సూత్రం ఒకటే: గీత మన కంటికి కనపడాలన్న అవసరమే లేని పరికరం తీసుకోండి. అందుకు మూడు దారులున్నాయి.

మొదటిది, డిటెక్టర్‌తో పనిచేసే లైన్ లేజర్. ఇందులో పల్స్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే గీత సెకనుకు వేల సార్లు వెలిగి ఆరుతుంది. మన కంటికి ఆ తేడా తెలియదు గానీ, డిటెక్టర్ ఎండ వెలుగులోంచి దాన్ని వేరుచేసి పట్టుకుంటుంది. డిటెక్టర్‌ను కర్రకు బిగించి పైకీ కిందికీ జరుపుతుంటే బాణం గుర్తు చూపిస్తుంది, మట్టానికి రాగానే ఆగకుండా మోగుతుంది. మంచి వాటికి 30 నుంచి 50 మీటర్ల దాకా అందుతుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. పల్స్ లేని లేజర్ కొంటే తర్వాత ఎంత ఖరీదైన డిటెక్టర్ తెచ్చినా ఉపయోగం లేదు. ఎరుపుకని చేసిన డిటెక్టర్ చాలావరకు ఆకుపచ్చను పట్టుకోదు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి, వీలైతే ఒకే పెట్టెలో ఉన్నవి తీసుకోండి.

రెండోది రోటరీ లేజర్. ఇది వెలుగును గీతగా పరచదు, ఒకే చుక్కను గుండ్రంగా తిప్పుతుంది. శక్తంతా ఆ చుక్కలోనే ఉంటుంది కాబట్టి డిటెక్టర్‌కు వందల మీటర్ల దూరం నుంచి కూడా అందుతుంది. పరికరం దగ్గర మనిషి ఉండక్కర్లేదు. లేఅవుట్లు, పెద్ద ఫ్లోరింగులు, మట్టి చదును చేసే పనులు రోజూ ఉండేవాళ్లకు ఇది బంగారం. మీ పనులకు ఆ ఖర్చు దండగ.

మూడోది ఆటో లెవెల్. మీరు కొనాల్సింది ఇదే. ఇందులో లేజరూ లేదు, బ్యాటరీ కూడా లేదు. టెలిస్కోప్‌లోంచి చూసి, దూరంగా నిలబెట్టిన స్టాఫ్ (కొలత అంకెలున్న పొడవాటి కర్ర) మీద అంకె చదవడమే. ఎండ ఎంత ఉన్నా స్టాఫ్ మీద అంకె అంకెలాగే కనపడుతుంది. ఆర్.ఉదయగిరి కొండల వైపు పని పడి, అక్కడ కరెంటు లేకపోయినా మీ పని ఆగదు. 24 ఎక్స్ అంటే 24 రెట్లు దగ్గరగా చూపించేది మీకు చాలు. 32 ఎక్స్ దూరం ఎక్కువున్న రోడ్డు పనులకు. రెండో మనిషి కావాలన్నదొక్కటే దీని లోటు, మీకు కుర్రాళ్లున్నారు కదా.

నేర్చుకోవడం గురించి అడిగారు. ఒక పూట పని. మీ ఊరికి తగ్గ ఉదాహరణే చెప్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ గజపతి జిల్లాలో వరదలు, కొండచరియలు ఎంత నష్టం చేశాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మహేంద్రతనయ నది ఒడ్డున ఇల్లు కట్టేవాళ్లు ఎవరైనా మొదట తెలుసుకోవాల్సింది ఒకటే, అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయన్నది. పక్కింటి గోడ మీద ఆ మరక గుర్తున్నవాళ్లు ఉంటారు. ఆ గుర్తు దగ్గర స్టాఫ్ అడుగు ఆనించి నిలబెట్టించండి. ఆటో లెవెల్‌లో చూస్తే 0.640 (మీటర్లలో) వచ్చిందనుకుందాం. ఇప్పుడు పరికరాన్ని కదపకుండా, స్టాఫ్‌ను మీ స్థలం నాలుగు మూలలకూ పంపండి. 1.420, 1.395, 1.460, 1.405 వచ్చాయి. అంకె పెద్దదైన కొద్దీ నేల పల్లం, ఇది గుర్తుంటే సగం పని వచ్చేసినట్టే. మూడో మూల అన్నిటికన్నా పల్లం. 1.460లోంచి 0.640 తీసేస్తే 0.820, అంటే ఆ మూలన 82 సెంటీమీటర్ల నీళ్లు నిలిచాయి. ప్లింత్ (నేల మీదికి లేపే పునాది పైమట్టం) ఆ మరక కంటే ఒక అడుగు, సుమారు 30 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలనుకుంటే ప్లింత్ పైన స్టాఫ్ పెట్టినప్పుడు 0.340 చదవాలి. పిల్లర్ల మీద ఆ అంకె వచ్చేచోట గుర్తు పెట్టించి దారం కట్టేయడమే. ఇంటాయనకు ఈ లెక్క కాగితం మీద చూపించండి. ప్లింత్‌కి మరో నాలుగు వరసల ఇటుక ఎందుకు అడుగుతున్నారో ఆయనకే అర్థమవుతుంది.

కాలువలకు కూడా ఇదే పద్ధతి. 60 మీటర్ల కాలువకు 200కి 1 వాటం ఇవ్వాలంటే ఆ చివరికి 30 సెంటీమీటర్లు దిగాలి. ప్రతి పది మీటర్లకు స్టాఫ్ అంకె 5 సెంటీమీటర్లు పెరుగుతోందా అని చూసుకుంటూ పోతే చాలు, మధ్యలో నీళ్లు నిలిచే గుంట రాదు.

ఒక జాగ్రత్త. ఎండాకాలం మధ్యాహ్నం నేల వేడికి గాలి అల్లల్లాడుతుంది, స్టాఫ్ మీద అంకెలు కూడా వణుకుతున్నట్టు కనపడతాయి. పొద్దున్నే చదివేయండి, చూపు నేలకు అరమీటరు పైనుంచి పోయేలా పరికరాన్ని పెట్టండి. బండి మీద తీసుకెళ్లేటప్పుడు ఆటో లెవెల్ దాని పెట్టెలోనే ఉండాలి, ఆ పెట్టె వెనక కూర్చున్నవాళ్ల ఒళ్లో ఉండాలి. ట్రైపాడ్‌కు బిగించి భుజాన వేసుకుని తిరిగితే లోపలి కాంపెన్సేటర్, అంటే చూపును తనంతట తానే మట్టానికి సర్దే భాగం, దెబ్బతింటుంది.

ఇక మీ నీళ్ల పైపు. దాన్ని పారేయకండి. మూల తిరిగి ఉన్న గోడకు, పిల్లర్ వెనక్కి మట్టం తీసుకెళ్లడానికి ఇప్పటికీ దాన్ని మించింది లేదు. ఆటో లెవెల్‌కు ఎదురుగా కనపడాలి, పైపుకు ఆ అవసరమే లేదు. గాలి బుడగ లేకుండా నింపడం మేస్త్రీలందరికీ తెలిసిందే. తెలియనిది ఎండ సంగతి. పైపు ఒక కొస 25 డిగ్రీల నీడలో, రెండో కొస 45 డిగ్రీల వేడి గోడకు ఆని ఉందనుకోండి. వేడి నీళ్లు వ్యాకోచించి ఆ వైపు మట్టం పైకి లేస్తుంది. నిలువుగా ఉన్న ప్రతి మీటరుకూ సుమారు 7 మి.మీ. తేడా, మన మేస్త్రీల లెక్కలో రెండు నూళ్లకు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) పైమాటే. పైపును కాసేపు నీడలో ఉంచి, నీళ్లు మార్చి, అప్పుడు చూడండి.

ప్రశ్న: బరంపురంలో ఒకరు పాత ఆటో లెవెల్ సగం ధరకు ఇస్తామంటున్నారు. మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: కొనేముందు గంటసేపు ఇవ్వమనండి. ఇవ్వనంటే వదిలేయండి.

ముందు లెన్స్. బరంపురం సముద్రానికి దగ్గర. తేమ పట్టిన బీరువాలో ఏళ్లపాటు ఉంచిన లెన్సులో బూజు పడుతుంది. సూర్యుడి వైపు కాకుండా తెల్లటి గోడ వైపు తిప్పి చూడండి, సాలెపురుగు దారాల్లాంటివి కనపడితే వద్దు. తర్వాత గుండ్రటి బుడగను మధ్యకు తెచ్చి, పరికరాన్ని అటునుంచి ఇటు పూర్తిగా తిప్పండి. బుడగ వలయం దాటి పోతే సర్దించాల్సిన పని ఉంది, అదొక్కటే అయితే చిన్నదే. ఆ తర్వాత స్టాఫ్ మీద అంకె చూస్తూ ట్రైపాడ్ కాలిని వేలితో మెల్లగా తట్టండి. టెలిస్కోప్‌లో కనపడే అడ్డగీత ఊగి, మళ్లీ అదే అంకె మీదకు రావాలి. కదలకుండా బిగుసుకుపోయినా, తట్టిన ప్రతిసారీ వేరే అంకె మీద ఆగినా కాంపెన్సేటర్ పోయినట్టే. అప్పుడు ఎంత చవకకు ఇచ్చినా తీసుకోకండి.

ఇక అసలు పరీక్ష. 40 మీటర్ల దూరంలో రెండు మేకులు దిగ్గొట్టండి. పరికరాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి రెండింటి మీదా చదవండి. మొదటి మేకు మీద 1.452, రెండో దాని మీద 1.318 వచ్చాయనుకుందాం. తేడా 134 మి.మీ. పరికరంలో తప్పున్నా రెండు వైపులా దూరం సమానం కాబట్టి అది కొట్టుకుపోతుంది, కాబట్టి ఈ 134 నిజమైన తేడా. ఇప్పుడు పరికరాన్ని మొదటి మేకుకు రెండు మీటర్ల దగ్గరికి జరిపి మళ్లీ రెండూ చదవండి. మొదటిది 1.505 అయితే రెండోది 1.371 రావాలి. 1.380 వస్తే 9 మి.మీ. తప్పు. రెండు మూడు మి.మీ. లోపు ఉంటే ఇంటి పనికి నిశ్చింతగా వాడుకోవచ్చు. 9 అంటే సర్వీసుకు పంపాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. సర్వీసు విశాఖలో చేస్తారా, భువనేశ్వర్ పంపాలా, ఎన్నాళ్లు పడుతుంది అన్నవి ముందే కనుక్కోండి.

ఈ పరీక్ష పాత వాటికే కాదు. కొత్తది పెట్టె విప్పిన రోజూ చేయండి, కింద పడ్డ రోజు తప్పకుండా చేయండి. నా మటుకు నాకు ఏ బ్రాండ్ పేరు కంటే ఈ రెండు మేకుల మీదే నమ్మకం ఎక్కువ.

ప్రశ్న: గుణుపురంలో ఇల్లు కట్టుకుంటున్నాం. ఫోన్‌లో రసమట్టం యాప్ పెట్టి ప్లింత్ బీమ్ మట్టం చూడొచ్చా అక్కా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఫోన్ చూపే కోణంలో 0.1 డిగ్రీ తేడా ఉన్నా పది మీటర్ల బీమ్‌కు 17 మి.మీ. తప్పు వస్తుంది. అర డిగ్రీ అయితే దాదాపు 9 సెంటీమీటర్లు. ఫోన్ వెనక ఉబ్బెత్తు కెమెరా, దానిమీద కవరు, ఈ రెండే అర డిగ్రీ తేడా తేగలవు. ప్లింత్‌కు మీ మేస్త్రీ నీళ్ల పైపే నయం.

అయితే ఆ యాప్ పనికొచ్చే చోటు ఒకటుంది. ఇంటి మీద సోలార్ ప్యానెల్ పెట్టించుకుంటుంటే, దక్షిణం వైపు వాలు సుమారు మీ అక్షాంశమంత, అంటే గుణుపురానికి 19 డిగ్రీలు ఉండాలి. అక్కడ ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా కరెంటులో చెప్పుకోదగ్గ తేడా రాదు. కవరు తీసి, ఫోన్ పక్క అంచును ప్యానెల్ మీద ఆనించి చూడండి.

ప్రశ్న: రాయగడ దగ్గర మాకు పొలం ఉంది. 400 మీటర్ల దూరంలో చెరువు. పంపు లేకుండా పైపులో నీళ్లు వస్తాయా అని ఫోన్ జీపీఎస్‌తో రెండు చోట్లా ఎత్తు చూశాను. పొలం 6 మీటర్లు పల్లంలో ఉన్నట్టు చూపింది. పైపులు కొనేయమంటారా?

జవాబు: ఇంకా కొనకండి. ఫోన్ జీపీఎస్ దారి చూపడానికి బాగా పనికొస్తుంది గానీ ఎత్తు చెప్పడంలో బలహీనం. ఉపగ్రహాలన్నీ మన తలకు పైవైపునే ఉంటాయి, నేల కింద ఒక్కటీ ఉండదు. అందువల్ల పక్కల కొలతకంటే ఎత్తు కొలతలో తప్పు ఎక్కువ వస్తుంది. చెట్లు, కొండలు అడ్డుంటే పది మీటర్లకు పైన తేడా రావచ్చు. మీకు వచ్చిన 6 మీటర్లు ఆ తప్పులోనే కలిసిపోతుంది. అంటే పొలం నిజానికి చెరువు కంటే మెరకలో ఉన్నా ఉండొచ్చు. ఉపగ్రహ మ్యాపుల్లో కనపడే ఎత్తులు కూడా మీటర్లలో తప్పుతాయి.

ఊళ్లో ఆటో లెవెల్ ఉన్నవాళ్లను ఒక పూట పిలిపించుకోండి. 80 మీటర్లకు ఒకసారి చొప్పున ఐదు చోట్ల పరికరం పెట్టి, వెనక స్టాఫ్, ముందు స్టాఫ్ చదువుకుంటూ చెరువు నుంచి పొలానికి వస్తారు. ప్రతిసారీ పరికరం రెండు స్టాఫ్‌లకూ మధ్యలో ఉండాలి. పొలం చేరాక మళ్లీ చెరువు దాకా చదువుకుంటూ వెనక్కి వెళ్లమనండి. బయల్దేరిన చోటికి వచ్చేసరికి లెక్క రెండు సెంటీమీటర్ల లోపు సరిపోతే ఆ కొలతను నమ్మొచ్చు. చెరువు వైపు కొలవాల్సింది గట్టు మీద కాదు, వేసవిలో నీళ్లు అడుగంటినప్పుడు ఉండే మట్టం దగ్గర. మీకు నీళ్లు కావాల్సింది ఆ రోజుల్లోనే కదా.